ఒకే అంకె, రెండు చేదులు

“అన్నా, మీ బీరు చేదెంత?” ఎల్బీనగర్‌లో మా గల్లీ కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. ఇక్కడ మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్ దాటి, అమీర్‌పేటలో మారి, ఊరికి ఆ కొసన మైక్రోబ్రూవరీలో పనికి పోతాను. 2015లో తెలంగాణలో వీటికి నిబంధనలు వచ్చాక ఈ పని ఎక్కువగా పడమటి వైపే పెరిగింది.

చేదెంతో చెప్పడానికి ఐబీయూ అనే అంకె ఉంది. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే దాదాపు ఒక ఐబీయూ. కానీ ఎలాంటి చేదో ఆ అంకె చెప్పదు. వంద లీటర్లకు 20 ఐబీయూ కావాలంటే బీరులో 2 గ్రాముల చేదు కరగాలి. మరిగేటప్పుడు పావు వంతే కలిసొస్తుందనుకుంటే 8 గ్రాముల ఆల్ఫా ఆమ్లం వెయ్యాలి. అది వచ్చేది హాప్ అనే పువ్వు నుంచి. 12 శాతం ఆల్ఫా ఉన్న జర్మనీ మాగ్నమ్ హాప్ అయితే 67 గ్రాములు చాలు. 4 శాతం ఉన్న చెక్ సాజ్ అయితే 200 గ్రాములు పడుతుంది. మాగ్నమ్ చేదు సూటిగా తగిలి, గుటక దిగాక తప్పుకుంటుంది. సాజ్ మూడింతలు వేశాం కాబట్టి కాస్త వగరూ, పచ్చిగడ్డి వాసనా వెంట వస్తాయి. సరూర్‌నగర్ రైతుబజార్‌లో పొట్టి కాకరకాయలే ఏరుకునేవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

హాప్ గుళికను అరచేతిలో నలిపితే పసుపు బంక వేళ్లకు అంటుకుంటుంది. అదే లుపులిన్. చేదు, వాసన రెండూ అందులోవే. గంటసేపు మరిగించేటప్పుడు మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, వాసన నూనెలు ఆవిరైపోతాయి. చివరి ఐదు నిమిషాల్లో వేస్తే వాసన నిలుస్తుంది. అందుకే అమెరికా సిట్రాలో ఆల్ఫా ఎంత ఉన్నా నేను చివర్లోనే వేస్తాను, ఆ మామిడి వాసన పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి చేదు కాస్త తక్కువ దిగుతుంది. ఆ కాస్త తేడానూ లెక్కలో కలుపుకుంటాను. మే నెలలో ప్యాకెట్ ఫ్రీజర్ బయట ఉండిపోతే ఆల్ఫా తరిగిపోతుంది, ఇక లేబుల్ మీది శాతాన్ని నమ్మలేం.

అసలు చేదే వద్దనేవాళ్లున్నారు. హయత్‌నగర్ దాటాక దొరికే తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులుస్తుంది, అందులో హాప్ లేదు మరి. బీరును పులిపించే లాక్టోబాసిలస్ బ్యాక్టీరియాను అడ్డుకునేది ఈ చేదే. గోధుమ బీరులో కూడా నేను దాన్ని తగ్గిస్తాను గానీ తీసెయ్యను.

పబ్బు బోర్డు మీద ఐబీయూ రాసేవాళ్లు దాని పక్కనే ఏ హాప్ వేశారో, ఎప్పుడు వేశారో కూడా రాస్తే బాగుంటుంది. మా బోర్డు మీద రాయమని మా ఓనరు గారిని అడుగుతూనే ఉన్నాను.