జరగని పోరుకు జేజేలు

గంట మోగని పోరా, నీకు దండం. నీకు రింగు కట్టినవాడు లేడు, టికెట్టు కోసినవాడు లేడు, రిఫరీ ఎవరి చెయ్యీ పైకెత్తలేదు. అయినా నువ్వు ఉన్నావు. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు మీద పూలదండల అంగళ్ల పక్కన ఉన్నావు. తెక్కా సెంటర్‌లో తే తారిక్ టీ గ్లాసుల మధ్య ఉన్నావు. పచ్చిక మీద చెప్పులు విడిచి కూర్చున్న మన తెలుగువాళ్ల నోళ్లలో ఉన్నావు. ఒక మూల హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్, ఎదుటి మూల మైక్ టైసన్. ఇద్దరూ మంచి వయసులో, ఇద్దరూ పూర్తి బలంతో. ఎవరు పడతారు?

లాస్ వేగస్‌లో శనివారం రాత్రి జరిగే పోటీ మా లిటిల్ ఇండియా పేటకు ఆదివారం పొద్దెక్కాక చేరుతుంది. షిప్‌యార్డుల్లో, కట్టడాల మీద వారమంతా చెమటోడ్చినవాళ్లకు దక్కే రోజు కూడా ఆదివారమే. భూమి తిరిగే తీరే బాక్సింగ్‌ను తెచ్చి వీళ్ల ఒళ్లో పెట్టింది. శని ఆదివారాల్లో ఈ పేటలో ఆరుబయట మద్యం తాగకూడదన్న చట్టం ఉంది. కాబట్టి ఈ వాదం టీ మీదే నడుస్తుంది, తెలివిగా నడుస్తుంది, చీకటిపడేదాకా నడుస్తుంది.

ఈ నేలకు గుద్దుల చప్పుడు కొత్త కాదు. కిచెనర్ రోడ్డు పక్కన 1923లో న్యూ వరల్డ్ అనే వినోదాల పార్కు వెలిసింది. నాట్యం, సినిమా, కుస్తీ, బాక్సింగ్ అన్నీ ఒకే ప్రహరీ లోపల దొరికేవి. ఇప్పుడు అక్కడ సిటీ స్క్వేర్ మాల్ ఉంది. 1947లో సింగపూర్ వచ్చిన దారాసింగ్ డ్రమ్ముల మిల్లులో పనిచేస్తూనే కుస్తీ నేర్చాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ రింగులోకి సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ సింగపూర్ పేరుతో దిగాడు. బరువులో అందరికంటే చిన్న తరగతి వాడు, గుండెలో కాదు. 1975 జూలై 1న కౌలాలంపూర్‌లో మహమ్మద్ అలీ, జో బగ్నర్ పదిహేను రౌండ్లు తలపడ్డారు. హెవీవెయిట్ పట్టం ఈ గడ్డకు అంత దగ్గరగా వచ్చింది.

ఫోర్‌మన్, నీ చేతులకు దండం. 1973 జనవరి 22న కింగ్‌స్టన్‌లో, అంతవరకు ఓటమి ఎరగని జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లు ముగియకముందే ఆరుసార్లు పడగొట్టావు. మరుసటి ఏడు కిన్షాసాలో అలీ ముందు నువ్వే కూలావు. 1977లో చేతి తొడుగులు విప్పి బైబిలు పట్టావు. పదేళ్లు బోధించావు, మళ్లీ వచ్చావు. 1994లో, నలభై అయిదేళ్ల వయసులో, కిన్షాసాలో ఓడిన నాటి ఎర్ర నిక్కరే తొడుక్కుని మైకేల్ మూరర్‌ను పదో రౌండులో నేలకు దించావు. ఇరవయ్యేళ్లు దాచిన నిక్కరు అది. ఆ ఒక్క సంగతికే నిన్ను ఎన్నిసార్లయినా తలుచుకుంటాను.

టైసన్, నీ కాళ్లకు దండం. అవును, కాళ్లకే. నీ గుద్దు పుట్టేది అక్కడే. అయిదడుగుల పది అంగుళాల మనిషివి నువ్వు, ఆరడుగుల వాళ్ల గడ్డాలు నీకు అందేవి. నీ గురువు కస్ డమాటో నేర్పినట్టు పిడికిళ్లు చెంపలకు ఆనించి, తల ఊపుతూ ఊపుతూ లోపలికి చొరబడేవాడివి. 1986 నవంబరులో హెవీవెయిట్ పట్టం పోరులో ట్రెవర్ బెర్బిక్ లేవబోయి పడ్డాడు, మళ్లీ లేవబోయి మళ్లీ పడ్డాడు. ఒక్క గుద్దుకు అన్నిసార్లు! నీకప్పుడు ఇరవయ్యేళ్ల నాలుగు నెలలు. నీ తలరాత తిరగరాసిన డమాటో ఆ పట్టం చూడకుండానే అంతకు ఏడాది ముందు కన్నుమూశాడు. 1988లో మైకేల్ స్పింక్స్‌కు తొంభై ఒక్క సెకన్లు చాలాయి.

1990 జూన్ 16న ఇద్దరూ ఒకే రింగు ఎక్కారు. లాస్ వేగస్ సీజర్స్ ప్యాలెస్, ఒకే రాత్రి, ఒకే గుడ్డ మీద. టైసన్ మొదటి రౌండులో హెన్రీ టిల్‌మన్‌ను పడగొట్టాడు, ఫోర్‌మన్ రెండో రౌండులో అడిల్సన్ రోడ్రిగ్స్‌ను. ఎదురెదురు మాత్రం నిలబడలేదు. నిలబడకపోవడమే మేలయిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆనాడు ఒకరికి నలభై ఒకటి దాటింది, ఇంకొకరు నాలుగు నెలల కిందటే టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడి ఉన్నారు. ఆ రాత్రి తలపడి ఉంటే మనకు దక్కేది సగం ఫోర్‌మన్, సగం టైసన్. నిండు మనుషులిద్దరూ కలుసుకునే చోటు నువ్వొక్కదానివే, జరగని పోరా.

మనవాళ్లకు నువ్వు పాత చుట్టానివి. భీముడు, జరాసంధుడు, బకుడు, కీచకుడు, దుర్యోధనుడు ఒకే నక్షత్రంలో పుట్టారని, వాళ్లలో ఎవరి చేతిలో ఒకరు ముందు పడితే మిగిలినవాళ్లూ ఆ చేతిలోనే పడాలని ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. బకుణ్ణి భీముడు చంపడంతో లెక్క తేలింది. తేలకముందు? కీచకుడే ముందుగా దుర్యోధనుడితో తలపడి ఉంటే? అరుగుల మీద రాత్రులు రాత్రులు కరిగించిన ఆ ప్రశ్నే సముద్రం దాటి ఇక్కడికి వచ్చి కూర్చుంది.

“దూరేదాకేనన్నా ఫోర్‌మన్ చెయ్యి పొడుగు. లోపలికి దూరిపోనాక ఆ పొడుగే అడ్డం” అంటాడు సిక్కోలు కుర్రాడు.

“దూరనిస్తడా తమ్మీ? ఫ్రేజియర్‌ది గూడ దూరుడే గదా. ఏమైంది? ఆరుసార్లు కిందవడ్డడు” అంటాడు కరీంనగర్ అన్న.

“ఫ్రేజియర్ తిన్నగా ఎలిపోనాడు. టైసన్ తలకాయ ఒక్క దగ్గిర నిలబడదు గదా!”

“తలకాయ ఊపితె పైనుంచి కొట్టడు. కిందినుంచి లేపుతడు.”

పక్కనున్న బంగ్లాదేశ్ మేస్త్రీకి తెలుగు రాదు. రెండు పేర్లు చెవిన పడగానే పిడికిలి బిగించి కింది నుంచి పైకి లేపి చూపిస్తాడు. కరీంనగర్ అన్నకు ఒక ఓటు పెరిగింది.

వీళ్ల మాటకు నా దగ్గర విలువ ఎక్కువ. ఇనుప గొట్టాలు భుజాన మోసినవాడికి బరువంటే ఏమిటో తెలుసు. సాయంత్రానికి చేతులు ఎలా వాలిపోతాయో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కిన్షాసాలో ఎనిమిదో రౌండుకు ఫోర్‌మన్ ఎందుకు ఖాళీ అయ్యాడో ఆ సిక్కోలు కుర్రాడు తన రెక్కలు చూపించి చెప్పగలడు. టైసన్ పక్షానికి అదే పెద్ద ఆసరా: మొదటి రౌండ్లు దాటిస్తే చాలు, పెద్దాయన అలిసిపోతాడని.

దాటించగలడా? చేతుల చాపు ఫోర్‌మన్‌కు డెబ్బై ఎనిమిదిన్నర అంగుళాలు, టైసన్‌కు డెబ్బై ఒకటి. చొరబడేవాణ్ణి రెండు చేతులా వెనక్కి తోసి, తనకు కావలసినంత దూరంలో నిలబెట్టి కొట్టడం ఫోర్‌మన్ విద్య. అంతకంటే పెద్ద సాక్ష్యం 1976 జనవరి 24 నాటిది. నాలుగో రౌండులో రాన్ లైల్ చేతిలో రెండుసార్లు పడి, రెండుసార్లూ లేచి, అయిదో రౌండులో లైల్‌నే పడుకోబెట్టాడు. టైసన్ తాను నేలకు పడిన పోటీ ఒక్కటీ గెలవలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. 1973 నాటి ఫోర్‌మన్, 1988 నాటి టైసన్. మొదటి రౌండు టైసన్‌ది. రెండోదానిలో ఫోర్‌మన్ ఒకసారి పడి లేస్తాడు. మూడో రౌండులో కుడిచేతి అప్పర్‌కట్, ఫోర్‌మన్ నెగ్గాడు. టైసన్ పక్షం వాళ్లు తమ రౌండు చెప్పండి.