లేని ఫ్యాక్టరీకి ఒక వృత్తిపదకోశం

తెలుగులో నాకు బాగా ఇష్టమైన పుస్తకాల్లో ఒకటి నిఘంటువు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మాటలది, 1971లో వచ్చిన రెండోది చేనేత మాటలది. కర్రు, మేడి, కాడి. పడుగు, పేక, నాడె. అలాంటి పుస్తకం తిరగేస్తుంటే ఒక సంగతి అర్థమవుతుంది. పనిచేసేవాళ్ల చెయ్యి ఎక్కడెక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించిందో అక్కడల్లా ఒక మాట పుట్టింది. బయటివాళ్లకి ఒకటే కర్రలా కనిపించేదానికి లోపలివాళ్ల దగ్గర నాలుగైదు పేర్లుంటాయి.

గత పదేళ్లలో ఇలాంటి పదకోశం ఇంకొకటి తయారైంది. దీనికి పొలం లేదు, మగ్గం లేదు, అసలు నిజమైన పనే లేదు. ఉన్నదల్లా ఒక వీడియో గేమ్. పేరు ఫ్యాక్టోరియో. చెక్ రాజధాని ప్రాగ్‌లో ఉన్న వూబ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేసింది. 2013లో జనం దగ్గర చందాలు పోగేసి మొదలుపెట్టారు, 2016లో స్టీమ్‌లో అమ్మకానికి పెట్టారు, 2020 ఆగస్టులో పూర్తి రూపం వచ్చింది, 2024 అక్టోబర్‌లో స్పేస్ ఏజ్ అనే పెద్ద కొనసాగింపు వచ్చింది. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక ఇంజినీరు తెలియని గ్రహం మీద కూలిపోతాడు. చేత్తో ఇనప రాయి తవ్వుతాడు, కొలిమిలో కరిగిస్తాడు, ఆ ఇనుముతో తవ్వే యంత్రం చేస్తాడు, దాన్నుంచి సరుకు మోయడానికి బెల్ట్ వేస్తాడు. అలా అలా చివరికి రాకెట్ ఎగరేస్తాడు.

ఆట ఎలా ఉందో చెప్పడానికి నేనిది రాయడం లేదు. బెల్ట్, ఇన్‌సర్టర్, అసెంబ్లర్ లాంటివి ఆట చేసినవాళ్లు పెట్టిన పేర్లు. వాటి మీద ఆడేవాళ్లు సొంతంగా పెట్టుకున్న మాటలు వేరే ఉన్నాయి. నా ఆసక్తి వాటి మీద. ఎందుకంటే అవి ఎవరూ కూర్చుని రాయని సాహిత్యం, పైగా వాటిలో సగం మాటలు నా ఉద్యోగంలోంచి వెళ్లినవి.

మొదటి మాట స్పగెట్టి. అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే బెల్టుల ఫ్యాక్టరీని అలా అంటారు. ఇది ప్రోగ్రామర్ల తిట్టు. ఎటు నుంచి ఎటు వెళ్తుందో తెలియని కోడ్‌ని దశాబ్దాలుగా స్పగెట్టి కోడ్ అంటున్నాం. తెలుగులో చిక్కుముడి అనొచ్చు, కానీ చిక్కుముడిని విప్పాలనిపిస్తుంది, స్పగెట్టిని తినాలనిపిస్తుంది. జంతికలు అంటే కాస్త దగ్గరగా వస్తుందేమో! ఆఫీసులో ఈ మాట అంటే ఎదుటివాళ్ల మొహం మాడిపోతుంది. ఆటలో మాత్రం తమ స్పగెట్టిని ఫొటో తీసి మురిపెంగా చూపించుకునేవాళ్లు బోలెడుమంది.

ఈ మురిపెం వెనక కారణం ఉంది. స్పగెట్టి ఫ్యాక్టరీలో కాలం కనిపిస్తుంది. ఇక్కడ ముందు రాగి వచ్చింది, తర్వాత ఎక్కడో ఉక్కు అవసరపడింది, చోటు లేక ఈ బెల్టుని ఆ కొలిముల వెనక నుంచి తిప్పారు అని చదువుకుంటూ పోవచ్చు. పాత ఊళ్లో సందులు చూసి ఏ ఇల్లు ముందు కట్టారో చెప్పగలిగినట్టు.

దీనికి ఎదురుగా నిలబడే మాట మెయిన్ బస్. ఇనుము, రాగి, సర్క్యూట్లు, ఉక్కు అన్నీ సమాంతరంగా ఒకే దిక్కుకి పోయే బెల్టుల రాజమార్గం ఇది. కావలసిన చోట కావలసినంత పక్కకి తీసుకుంటారు. మామూలుగా నాలుగేసి బెల్టులు, మధ్యలో రెండేసి గళ్ల ఖాళీ. ఈ నాలుగు అనే లెక్క అందం కోసం పుట్టింది కాదు. ఆటలో అన్నిటికన్నా చవక రకం భూగర్భ బెల్ట్ మధ్యలో నాలుగు గళ్లే దాటగలదు. అంటే ఒక పనిముట్టు పరిమితే వాస్తు సూత్రం అయ్యింది.

బస్ మాట ప్రయాణం ఇంకా బావుంటుంది. లాటిన్‌లో ఓమ్నిబస్ అంటే అందరి కోసం. దాని తోక తెగి పడి ఊళ్లో తిరిగే బస్సయ్యింది. తర్వాత కరెంటు పంచే లోహపు పట్టీకి పేరయ్యింది. అక్కణ్ణుంచి కంప్యూటర్‌లో భాగాల మధ్య సమాచారం మోసే దారి అయ్యింది. ఇప్పుడు ఒక ఊహాగ్రహం మీద రాగి రేకులు మోస్తోంది. ఇంతదూరం వచ్చినా "అందరి కోసం" అన్న అర్థం చెక్కుచెదరలేదు. ఎవరికి ఏది కావాలన్నా ఆ బెల్ట్ మీంచి తీసుకోవచ్చు. చెడిందల్లా ఒకటే: అక్కడ "అందరూ" లేరు. ఒక్కడే ఉన్నాడు.

సుషీ బెల్ట్ అనే మాట ఇంకా గమ్మత్తు. ఒకే బెల్ట్ మీద రకరకాల సరుకులు కలగలిపి తిప్పితే దాన్ని అలా అంటారు. 1958లో ఒసాకాలో యోషియాకి షిరైషి అనే ఆయన సుషీ ప్లేట్లు బెల్ట్ మీద తిరిగే హోటల్ తెరిచాడు. ఆ ఆలోచన ఆయనకి బీర్ ఫ్యాక్టరీలో సీసాలు బెల్ట్ మీద పోవడం చూసి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి హోటల్‌కి వెళ్లిన బెల్ట్, హోటల్ పేరు పెట్టుకుని మళ్లీ ఫ్యాక్టరీకి వచ్చిందన్నమాట, పుట్టింటికి కొత్త ఇంటిపేరుతో వచ్చిన ఆడపడుచులాగా.

ఇక్కడ ఒక వరస కనిపిస్తుంది. చిక్కుకీ కలగలుపుకీ తిండి మాటలు: స్పగెట్టి, సుషీ. క్రమానికి నగరం మాటలు: బస్, మాల్, సిటీ బ్లాక్. సిటీ బ్లాక్ అంటే చుట్టూ రైలు పట్టాలతో గళ్లు గళ్లుగా కోసిన ఫ్యాక్టరీ. మాల్ అంటే కట్టడానికి కావలసిన బెల్టులూ యంత్రాలూ తయారై పెట్టెల్లో సిద్ధంగా ఉండే చోటు. ఈ ఆటలో డబ్బు లేదు, అమ్మేవాళ్లు లేరు. అయినా దానికి గోదాం అని కాకుండా మాల్ అనే పేరు తగులుకుంది. నడుచుకుంటూ వెళ్లి నచ్చినవి ఏరుకోవడానికి ఈ తరానికి తట్టే మొదటి మాట అదే కాబోలు. వంటింట్లో మొదలై నగరంలో తేలడమే ఈ ఆటలో ఆటగాడి ఎదుగుదల. ఆ ఎదుగుదల మాటల్లోనే రాసి ఉంది.

ఈ పదకోశంలో లెక్కలున్నాయి. ఆకుపచ్చ సర్క్యూట్ ఒకటి చేయడానికి మూడు తీగలు కావాలి. తీగల యంత్రం ఒక విడతకి రెండే ఇస్తుంది. విడత కాలం రెంటికీ ఒకటే కాబట్టి మూడు తీగల యంత్రాలకి రెండు సర్క్యూట్ యంత్రాలు సరిపోతాయి. 3:2 అనగానే ఆడేవాళ్లకి వివరించాల్సిన పనిలేదు, మినప్పప్పుకీ రవ్వకీ ఒకటికి రెండు అని ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేనట్టే. సామెతలు కూడా ఉన్నాయి. రైలు కూడలిలోకి వెళ్లే దారిలో చైన్ సిగ్నల్ పెట్టు, బయటికొచ్చే దారిలో మామూలు సిగ్నల్ పెట్టు అనేది పొట్టిగా చెప్పుకునే సూత్రం. అవతలికి పోయే చోటు ఖాళీగా ఉంటేనే కూడలిలోకి దిగమని దాని అర్థం. అమీర్‌పేట చౌరస్తాలో ఎవరైనా ఈ ముక్క రాసిపెడితే బావుండు.

ఇంతవరకూ నాకు ఈ మాటలంటే ముచ్చటే. కానీ వృత్తిపదకోశాన్ని చదవాల్సిన పద్ధతి ఇంకొకటుంది. దేనికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాలి. దేనికి లేవో కూడా చూడాలి.

ఆ గ్రహం మీద ముందే బతుకుతున్న జీవులున్నాయి. వాటిని బైటర్లు అంటారు. కరిచేవి అని. ఒక ప్రాణికి అది మనల్ని ఏం చేస్తుందో దాన్నిబట్టి పేరు పెట్టడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఈ పేరు ఆట చేసినవాళ్లదే. ఆడేవాళ్లు దానికి చేర్చిన మాట "క్లియర్ చేయడం". గూళ్లని పేల్చేసి అక్కడి గనిని స్వాధీనం చేసుకోవడాన్ని అలా అంటారు. తుపాకీ బురుజుల్ని ఒక్కొక్క అడుగే గూటి వైపు జరుపుకుంటూ పోతే అది టరెట్ క్రీప్. బెల్ట్ మీద సరుకు ఎలా సర్దుకుంటుందో చెప్పడానికి అన్ని మాటలు కనిపెట్టినవాళ్లు, గూడు గురించి దాన్ని తొలగించే మాటలే కనిపెట్టారు. క్లియర్ అనేది మన రోజువారీ మాట కూడా. బ్యాక్‌లాగ్ క్లియర్ చేస్తాం, సైట్ క్లియర్ చేయిస్తాం. క్లియర్ అన్నాక అక్కడ అంతకుముందు ఏముందని ఎవరూ అడగరు.

విచిత్రం ఏంటంటే ఈ విషయంలో ఆట చాలా నిజాయితీగా ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కాలుష్యం మ్యాప్ మీద ఎర్రటి మబ్బులా పరుచుకుంటుంది. చెట్లు కొంత పీల్చుకుంటాయి. మిగిలింది గూళ్లని తాకినప్పుడు బైటర్లు గుంపులు కట్టి మీదికొస్తాయి. కాలం గడిచినా, కాలుష్యం పెరిగినా, గూళ్లు పగలగొట్టినా అవి ఇంకా బలంగా తయారవుతాయి. అంటే దాడి ఎందుకు జరుగుతోందో ఆట అంకెలతో సహా చెబుతోంది. దాన్ని చెప్పనివ్వనిది ఆడేవాళ్ల భాషే.

ఒక్క ఉదాహరణ చాలు. ఆట మొదలుపెట్టే ముందు ఎంచుకోగలిగే వాటిలో పీస్‌ఫుల్ మోడ్ ఒకటుంది. దాన్ని ఎంచుకుంటే మనం కొట్టేదాకా బైటర్లు మన జోలికి రావు. మనం మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వాటిని కొట్టొచ్చు, పొగ వదలొచ్చు, అడవి నరకొచ్చు. వాళ్లు ఊరుకోవడాన్నే శాంతి అంటారిక్కడ. ఈ అర్థంలో శాంతి అనే మాట ఆటల బయట కూడా బాగా చెలామణీలో ఉంది కాబట్టి దీన్ని ఒక మెనూలోని పేరే కదా అని నేను వదిలెయ్యలేను.

రెండో ఖాళీ మనుషులది. వ్యవసాయంలో నాగలి ఎంతుందో కూలి అంత ఉంది. పాలేరు, నాటు, కుప్ప, కళ్లం ఇవన్నీ నలుగురు కలిసి చేసే పని చుట్టూ పుట్టిన మాటలు. ఫ్యాక్టోరియో మాటల్లో జీతం లేదు, షిఫ్టు లేదు, సెలవు లేదు, సమ్మె లేదు. ఉన్నది ఒక్క ఇంజినీరు, మిగతావి రోబోలు. హ్యాండ్‌క్రాఫ్టింగ్ అనే మాట ఉంది కానీ అది కొత్తవాళ్ల అలవాటు, వదిలించుకోవాల్సింది. చేత్తో 111 వస్తువులకి మించి చేయకుండా రాకెట్ ఎగరేస్తే ఒక బిరుదు ఇస్తారు. తెలుగులో చెప్పాలంటే బద్ధకపు వెధవ. అది మెచ్చుకోలు! చెయ్యి అనే అక్షరాలని పేరులోనే మోసే చేనేత పదకోశం పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా చప్పున తెలుస్తుంది. అక్కడ చెయ్యి నైపుణ్యం, ఇక్కడ చెయ్యి ఆలస్యం. మేము రాసే సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు ఎవరో ఒకరి చేతిని పక్కకి తప్పించడానికే. మా మీటింగుల్లో దాన్ని ఆటోమేషన్ అంటాం, ఆ చెయ్యి ఎవరిదో స్లైడ్ మీద ఉండదు.

ఇదంతా వేళాకోళం భాష, ఇంత సీరియస్‌గా చదవాలా అని అడగొచ్చు. నిజమే, వేళాకోళం చాలా ఉంది. ఆటని ముద్దుగా క్రాక్టోరియో అనుకుంటారు, మత్తుమందు పేరు కలిపి. అందరూ జపించే నినాదం ఒకటుంది: ఫ్యాక్టరీ పెరగాలి. తమ మీద తాము నవ్వుకుంటూనే అంటారు. దాన్ని తెలుగులోకి తెస్తున్నప్పుడు ఒక చిన్న చిక్కొచ్చింది. పెరగాలా, పెంచాలా? ఇంగ్లీషులో రెంటికీ ఒకే క్రియ సరిపోతుంది. తెలుగు మనల్ని తేల్చుకోమంటుంది. నినాదంలో కర్త ఫ్యాక్టరీ కాబట్టి పెరగాలి అనే అనాలి. అలా అన్నాక పెంచేవాడు వాక్యంలోంచి మాయమైపోతాడు. వాన పడాలి, పంట పండాలి అన్నట్టే ఫ్యాక్టరీ పెరగాలి. ఎవరి కోసం అనే ప్రశ్నకి ఆ వాక్యంలో చోటు లేదు. వేళాకోళం ఒప్పుకుంటూనే తప్పించుకుంటుంది, అందుకే దాన్ని సీరియస్‌గా చదవాలి.

మరి ఈ పెరుగుదలకి అడ్డు ఎక్కడ? ఆటలో భూమి అయిపోదు, వెళ్లేకొద్దీ కొత్త గనులు వస్తూనే ఉంటాయి. అడ్డుపడేది యూపీఎస్. మన ఇళ్లలో కరెంటు పోతే ఆదుకునేది కాదు, ఆట సెకనుకి ఎన్నిసార్లు ముందుకి నడుస్తుందో చెప్పే అంకె. సరిగ్గా ఉంటే 60. మెగాబేస్ అనే స్థాయికి ఫ్యాక్టరీ చేరాక కంప్యూటర్ మోయలేదు, అంకె పడిపోతుంది, ఆ లోకంలో కాలమే నెమ్మదిస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని బైటర్లనీ కాలుష్యాన్నీ సెట్టింగుల్లోనే ఆపేయడం. శత్రువులని కాదు, ప్రాసెసర్‌కి బరువని. ఒక గ్రహం మీద ప్రాణం మొత్తం పోవడానికి ఇంత చప్పటి కారణాన్ని ఏ నవలలోనూ నేను చదవలేదు.

నేను ఈ ఆట మానెయ్యలేదు, మానెయ్యమని చెప్పడం లేదు. 3:2 కుదిరినప్పుడు వచ్చే తృప్తి నిజమైనదే. నా ఫిర్యాదు మాటల దగ్గర ఆగుతుంది. ఇంత చురుకైన, ఇంత సరదా అయిన భాషని తయారుచేసుకున్నవాళ్లు గూటి వైపు నుంచి కూడా రెండు మాటలు పుట్టించగలరు. పొగ మొదట తగిలే చోటుకి ఒక పేరు, ఫ్యాక్టరీ ఇక చాలు అనుకుని ఆపే స్థితికి ఒక పేరు. రెండోదానికి తెలుగులో మాట ముందే ఉంది, తృప్తి చెందిన అతిథి విస్తరి మీదికి వంగి చెయ్యి అడ్డంపెట్టి అనేది: చాలు.