క్యాడోలు, చెంచులు: రెండు పుస్తకాలు, రెండు చూపులు

అమెరికాలోని క్యాడో జాతి మీద జాన్ స్వాంటన్ గ్రంథం 1942లో వచ్చింది. నల్లమల చెంచుల మీద హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వెలువడింది. బెంగళూరు శివారు బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఉంటూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇక్కడి తెలుగువాళ్లం బతుకుతెరువు వెతుక్కుంటూ ఊరు వదిలినవాళ్లం. క్యాడోల సంగతి వేరు. 1859లో వాళ్లను టెక్సస్ నుంచి నేటి ఓక్లహోమాకు తరలించారు. ఈ రెండు వలసలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

స్వాంటన్‌కు ప్రధాన ఆధారం పాత కాగితాలు, ముఖ్యంగా కసాన్యాస్, ఇదాల్గో, ఎస్పినోసా అనే స్పానిష్ మతప్రచారకుల రాతలు. వాటిలో ఇల్లు కట్టే ఘట్టం నన్ను కట్టిపడేసింది. ఊరి జనం వాసాలూ గడ్డీ మోసుకొచ్చి, అందరూ కలిసి గుండ్రటి ఇల్లు లేపేవారు. ఆలస్యంగా వచ్చినవారికి బెత్తం దెబ్బలు పడేవి. పని కాగానే ఇంటివాళ్లు విందు పెట్టేవారు. ఒక సమాజపు కట్టుబాటు ఇంత స్పష్టంగా కనిపించే పుటలు అరుదు. కానీ ఆ రాసినవాళ్లే క్యాడో పూజారులను మోసగాళ్లుగా చూశారు. స్వాంటన్ ఆ సాక్ష్యాన్ని దాచకుండా మన ముందు పెట్టాడు, అది ఆయన నిజాయితీ. అయితే శతాబ్దాల వివరాలను అంశాలవారీగా పేర్చడంతో, ఏది ఎప్పటి సంగతో తెలియకుండా పోయింది.

హైమెన్‌డార్ఫ్ కాగితాల దగ్గర ఆగలేదు. 1940లో భార్య బెట్టీతో అమ్రాబాద్ పీఠభూమికి వెళ్లి చెంచుల మధ్య గడిపాడు. అందుకే పెంటల్లోని, అంటే చెంచు గూడేల్లోని, గుండ్రటి గుడిసెలు, గడ్డలు తవ్వే కర్ర, గారెల మైసమ్మ మొక్కులు ఆయన పుస్తకంలో సజీవంగా ఉన్నాయి. మనుషులను చూపడంలో ఆయనదే పైచేయి. లోపమల్లా ఒక్కటే: చెంచులను ఆదిమ యుగపు అవశేషంగా చూడటం. తెలుగు మాట్లాడుతూ, అటవీ సరుకులు అమ్ముకుంటూ చుట్టుపక్కల లోకంతో మెలిగినవాళ్లకు కూడా చరిత్ర ఉంటుంది కదా! చరిత్రను పట్టించుకోవడంలో స్వాంటన్ చూపే మేలు.

ఇద్దరూ బయటివాళ్లే. క్యాడోలకు 1995లో తమ మనిషే సెసిల్ ఎల్కిన్స్ కార్టర్ రాసిన చరిత్ర దక్కింది. తెలుగు ప్రచురణకర్తలకు నాదొక మనవి: చెంచు పెద్దల మాటలను చెంచు యువతీయువకులచేతే రాయించండి, వాళ్ల పేర్లతోనే అచ్చువేయండి.