కాటుక రేకుల పొడ

ఈ వారం మా వీధి పిల్లోడు ఫోను నా చేతికిచ్చి, "తాతా, కొండచిలువ పిల్లను చూడు" అన్నాడు. శెనక్కట్టె వామి మొదట్లో చుట్ట చుట్టుకున్న పాము, దానికి జానెడు దూరంలో వాడి వేలు. గుండె ఆగినంత పనైంది. అది రక్తపింజరి.

పేరు మరిస్తే గుర్తుపట్టే చూపు కూడా పోతుందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్, 1796లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి మనవాళ్ల పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. ఇవాళ లోకం దాన్ని ఆయన పేరుతో పిలుస్తోంది. మన పేరులో అయితే గుర్తు కూడా ఉంది. వీపు మీద మూడు వరసల గోధుమరంగు మచ్చలు, ఒక్కోదాని చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లంచు. కొండచిలువ మచ్చలకు ఆ వరస ఉండదు. పింజరి కదలకుండా పడుంటుంది. దగ్గరికి పోతే కుక్కరు కూసినట్టు బుస. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కో కాన్పుకు 20, 30 దాకా. ఎలుకలున్న చోటే దాని కాపురం. మా పావగడ పేరులోనే పాముంది, శెనక్కాయ చేలల్లో ఎలుకలకు కొదవా లేదు.

ఈ గుర్తులన్నీ పిల్లలకు నేర్పండని రాద్దామని కూర్చుంటే చిన్నాయన గుర్తొచ్చాడు. చీకటి పడ్డాక శెనక్కట్టె సర్దుతుంటే ఆయన చేతిని పాము కరిచింది. ఏ పామో తెలీకుంటే మందెట్లా ఇస్తారని పట్టుబట్టింది నేనే. బ్యాటరీ లైట్లతో వామంతా తిరగేసి, చంపి, గోనెసంచిలో వేసుకుని పోయేసరికి గంట దాటింది. డాక్టరు సంచి విప్పనీలేదు. చిన్నాయన రక్తం గాజు గొట్టంలోకి తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాడు. తర్వాత వంచితే నీళ్లలా జారింది. గడ్డకట్టించే సరుకునంతా విషం అప్పటికే తినేసింది. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజర్లు, నాలుగింటి విషానికీ ఒకటే మందని అప్పుడు చెప్పాడు. చిన్నాయన బతికాడు గానీ, మూత్రపిండాలు తేరుకోడానికి నెలలు పట్టింది.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. అందులో ఎక్కువమంది పల్లెల్లోనే పోయారు. ఆ లెక్క చదివిన ప్రతిసారీ నాకు ఆ గంటే గుర్తొస్తుంది.

పిల్లోడికి ఫోటో పెద్దది చేసి మచ్చల అంచు చూపించాను.

"కరిస్తే పట్టుకురావాలా తాతా?"

"వద్దు నాయనా. దాన్ని దాని పాటికి వదిలెయ్. మనిషిని నడిపించకుండా బండెక్కించు."