బొమ్మ, బొరుసు, ఒక యుద్ధనౌక

ఐఎన్‌ఎస్ విరాట్ విశాఖకు రాలేదు. సేవ ముగించుకోబోతున్న ఆ విమానవాహక నౌకను తెచ్చి మ్యూజియంగా నిలపాలని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది గానీ, ఆ ఆలోచన ఒడ్డుకు చేరలేదు. 2017 మార్చి 6న నౌకాదళం విరాట్‌కు వీడ్కోలు పలికింది. 2020లో అది గుజరాత్‌లో ఓడలను కోసి తుక్కు చేసే అలంగ్ తీరానికి చేరింది. అంతకు ముందు మరో విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌దీ అదే దారి. 1961లో మన నౌకాదళంలో చేరి, 1997 జనవరి 31న విశ్రమించి, ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, చివరికి 2014లో పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. దాని ఉక్కులో కొంత మోటారు సైకిళ్ల పెట్రోలు ట్యాంకుల్లో కలిసింది. ఒక పక్క స్టీలుప్లాంటు, మరో పక్క షిప్‌యార్డు ఉన్న విశాఖలోని గాజువాకకు ఇందులో వింతేమీ లేదు. తుక్కు మళ్లీ కొలిమిలోకి పోవలసిందేనని ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇనుము మరో రూపంలో బతుకుతుంది. ఓడ చేసిన పని మాత్రం ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసిపెడితేనే మిగులుతుంది. అలా రాసిపెట్టే పద్ధతుల్లో అరచేతిలో ఇమిడేది ఛాలెంజ్ కాయిన్.

ఇది చెల్లుబాటయ్యే డబ్బు కాదు. సైనిక దళమో, ఓడో తన చిహ్నంతో అచ్చు వేయించుకునే పతకం. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమాన చోదకుడి కథ ఒకటి దీని పుట్టుకకు చెబుతారు గానీ, దానికి గట్టి ఆధారం లేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అమెరికా సైన్యంలో ఈ వాడుక బాగా పాతుకుందన్నది మాత్రం నిజం. ఒకరు తమ నాణేన్ని బల్ల మీద పెట్టి సవాలు విసిరితే, తమది చూపించలేనివాళ్లు అందరి పానీయాలకూ డబ్బు కట్టాలి. పేరు ఆ సవాలు నుంచే వచ్చింది. ఇంతకంటే లోతైన ఆచారం ఇంకొకటుంది. మంచి పని చేసినవాడికి అధికారి కరచాలనం చేస్తూ, అరచేతిలోంచి అరచేతిలోకి నాణెం జార్చుతాడు. ఇచ్చినవాడు ఆ నాణెం మీది మాటకు పూచీ పడ్డట్టే. అందుకే ఈ నాణెం విలువ లోహంలోనో, అరుదైనది కావడంలోనో లేదు. దాని మీద చెక్కిన చరిత్ర ఎంత నిక్కమైతే నాణేనికి అంత విలువ.

ఆ నిక్కం ఎంత కష్టమో తయారీ చూస్తే తెలుస్తుంది. ముందు బొమ్మకొకటి, బొరుసుకొకటి ఉక్కు అచ్చులు చెక్కుతారు. వాటి మధ్య ఇత్తడి బిళ్లను పెట్టి ప్రెస్సు కింద గుద్దితే, గుంట ఉన్నచోట లోహం ఉబ్బి రూపం తేలుతుంది. చవక రకంలో జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. దానిలో గీతల పదును కొంత తగ్గుతుంది. తర్వాత అంచులు సానబెట్టి, బంగారు ఛాయో నికెలో పూత వేస్తారు. పాతదనం కోసం పల్లాల్లో నలుపు నిలిపి మిట్టలను మాత్రం మెరిపిస్తారు. ఎనామెల్ రంగును గట్టు కంటే లోతుగా వదిలితే వేలికి తగులుతుంది, నిండా నింపి సానపడితే అద్దంలా నునుపెక్కుతుంది. ఇక కొలతల సంగతి. పాత విక్రాంత్ పొడవు సుమారు 213 మీటర్లు. దాన్ని 35 మిల్లీమీటర్లలో చూపాలంటే ఆరు వేల రెట్లు కుదించాలి. అప్పుడు దాని మీది సీ హాక్ విమానం 2 మిల్లీమీటర్లవుతుంది. మనిషి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండడు. అంటే అచ్చు చెక్కేవాడు అన్నీ చూపలేడు. ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. చరిత్రకారుడు చేసేదీ ఆ పనే.

ఈ ఎంపికలో తప్పటడుగు ఎంత సులువో విక్రాంత్ చెబుతుంది. 1971 డిసెంబరు 4న, పాకిస్తాన్‌తో యుద్ధంలో, దాని సీ హాక్‌లు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినప్పుడు ఓడ డెక్కు ముందు భాగం చదునుగా ఉండేది. విమానాలను ఆవిరి క్యాటపుల్టు విసిరేది. ముందు అంచు పైకి లేచిన స్కీ జంప్ ఆ ఓడకు వచ్చింది 1980ల చివరిలో, సీ హారియర్ విమానాల కోసం. కాబట్టి 1971 అని రాసి స్కీ జంప్ ఉన్న ఓడను చెక్కితే ఆ నాణెం అబద్ధం చెప్పినట్టే. ఓడ గుర్తింపు సంఖ్య ఆర్11 ఒక్కటే చూసినా పొరపాటే. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరిన 262 మీటర్ల కొత్త విక్రాంత్‌కూ అదే పేరు, అదే సంఖ్య. విశాఖ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగింది మన రేవు ముందే. కానీ దాన్ని ముంచింది విక్రాంత్ కాదు. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఎత్తులో ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ది ముఖ్యపాత్ర. ఘాజీ పేలుడు రాజ్‌పుత్ దాడి వల్లనే అని మన నౌకాదళం అంటుంది, ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. మంచి నాణెం విక్రాంత్‌కు దక్కవలసింది దానికిచ్చి, కానిది అంటగట్టకుండా ఉంటుంది.

ఇదంతా అరువు తెచ్చుకున్న అమెరికా మోజు అనేవాళ్లుంటారు. సవాలు విసిరే ఆట వరకు అది నిజమే. ఓడను నాణెం మీదికి ఎక్కించడం మాత్రం మన తీరానికి కొత్త కాదు. క్రీ.శ. రెండో శతాబ్దంలోనే యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి శాతవాహన రాజులు రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించారు. మన తీరాన ఆ కాలపు చెక్క ఓడ ఏదీ నిండుగా మిగల్లేదు. అప్పటి ఓడలకు ఎన్ని కొయ్యలుండేవో నేడు మనం ఊహించడానికి ఆ చిన్న బిళ్లలే సాయపడతాయి. దుకాణంలో ఎవరైనా కొనగలిగేదానికి గౌరవమేమిటన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం ఒప్పుకోవాలి. కరచాలనంలో అందినదానితో కొన్నది సాటి రాదు. అయినా పుస్తకాన్ని కొని చదివినంత మాత్రాన అందులోని నిజం తరగదు కదా. నాణెమూ అంతే. ఇక యుద్ధాన్ని బొమ్మలాటగా మారుస్తుందన్న విమర్శ అన్నిటికంటే బరువైనది. ఘాజీతో పాటు 90 మందికి పైగా నావికులు నీళ్లపాలయ్యారు. వాళ్లూ ఎవరి బిడ్డలో. ఈ విమర్శకు జవాబు కూడా ఖచ్చితత్వమే. తేదీ, చోటు, ఓడ రూపం ఉన్నవున్నట్టు చెక్కాలనుకున్నవాడికి గొప్పలు చెక్కే చోటు మిగలదు. గొప్పలే చెక్కిన నాణేన్ని మాత్రం ఈ విమర్శ నుంచి ఎవరూ కాపాడలేరు.

అచ్చు వేయించేవాళ్లకు ఒక విన్నపం. బొమ్మ వైపు ఓడ ఎలాగూ ఉంటుంది, దాని విమానాలూ ఉంటాయి. బొరుసు వైపు మాత్రం నినాదాలతో నింపకండి. విక్రాంత్ బాయిలర్లు బీటలు వారి, పూర్తి వేగం అందుకోలేని స్థితిలోనే 1971 పోరుకు వెళ్లింది. ఆ బాయిలర్లను నడిపించినవాళ్లు లేకపోతే పై డెక్కు మీది విమానాలు లేచేవి కావు. విరాట్ 30 ఏళ్ల భారత సేవలో సుమారు 11 లక్షల కిలోమీటర్లు తిరిగిందంటే, ప్రతిసారీ దాన్ని బాగుచేసి మళ్లీ నీటిలోకి దింపిన ఫిట్టర్లు, వెల్డర్లు ఉన్నారని అర్థం. డాక్‌యార్డు గేటు దగ్గర షిఫ్టు మారే వేళ గాజువాక బస్సులెక్కే మనుషులు చేసేదీ ఆ కోవ పనే. బొరుసు మీద ఒక బాయిలర్ చిత్రమో, ఒక పానా గుర్తో చెక్కండి. కొనేవాళ్లకూ ఒక మాట. పూత మెరుపు చూడకముందు డెక్కు ముందు అంచు చూడండి. 1971 అని రాసి ఉండి ఆ అంచు పైకి లేచి ఉంటే, ఆ నాణేన్ని అక్కడే తిరిగి ఇచ్చేయండి.