నాటు మిరప విత్తనము: పేరు, పరీక్ష

పెరటి సేద్యమును గురించి వచ్చుచున్న చిన్న పుస్తకములలోను, విత్తనపు పొట్లముల మీదను ‘నాటు మిరప’ అను మాట ఇప్పుడు విరివిగా కనబడుచున్నది. ఆంగ్లములో ఎయిర్‌లూమ్ అనునట్టి, తరతరములుగా ఇంట కాపాడుకొనుచు వచ్చిన విత్తనమని దాని భావము. తిరుపతిలోను, చిత్తూరులోను మిద్దెలమీద కుండీలు పెట్టినవారికి ఈ మాటపై ఆదరము మెండు. ఆదరము మంచిదే. కాని ఆ రచనలు విత్తుటను, నీరు పోయుటను, ఎరువు వేయుటను పుటలకొలది వర్ణించి, విత్తనము దాచుకొను ఘట్టమునకు వచ్చుసరికి, పండిన కాయనుండి గింజలు తీసి ఎండబెట్టుడని ఒక్క వాక్యముతో ముగించుచున్నవి. విత్తనమును నాటుదిగా నిలుపు పని యంతయు ఆ వాక్యము విడిచిపెట్టిన చోటనే ఉన్నది.

మిరప పువ్వులో కేసరములును, కీలమును కలిసియే ఉండును. అందుచే తన పుప్పొడి తనకు చాలునని, పక్క మొక్కతో దీనికి పని లేదని పలువురు తలచుచున్నారు. చాలునన్న మాట నిజమే. ఒంటరి మొక్కయు కాయును. అయితే పువ్వు విచ్చిన తరువాతగాని పరాగకోశములు పగులవు. పెక్కు రకములలో కీలాగ్రము వానికంటె పైకి పొడుచుకొని ఉండును. ఈలోగా ఒక తేనెటీగయో, చీమయో వేరొక మొక్క పుప్పొడిని తెచ్చి అంటించును. వేర్వేరు స్థలములలో తీసిన కొలతలలో ఇట్టి పరపరాగసంపర్కము నూటికి 7 మొదలుకొని 91 వరకు వచ్చినది. ఇంత హెచ్చుతగ్గులున్నచోట అదృష్టమును నమ్ముకొనుట శాస్త్రము కాదు.

ఇంతకంటె పెద్ద చిక్కు, తప్పు జరిగిన ఏడు అది బయటపడకపోవుట. కారపు మిరప పక్కనున్న బజ్జీ మిరపకు ఈ ఏటి కాయలోనే కారమెక్కునని కొందరందురు. ఇది సరికాదు. కాయ కండయు, గింజలు అంటియుండు తెల్లని భాగమును తల్లిమొక్క శరీరమే. కారమునకు మూలమగు కాప్సైసిన్ తయారగునది ఆ తెల్లని భాగమునందే గాని గింజలో కాదు. పరాయి పుప్పొడి ప్రభావము గింజలోని పిండమునకు చేరును. కనుక ఈ ఏటి కాయను ఎంత పరీక్షించినను ఏమియు తెలియదు. ఆ గింజ మొలచి మరుసటి ఏట కాసినప్పుడు గుండు కాయకు బదులు కోల కాయ రావచ్చును. అప్పుడు ఇంటివారు పాపము దిబ్బ ఎరువును నిందింతురు!

అంగడిలో కొన్న వట్టిమిరపకాయల గింజలు చల్లినను నాటు మిరప వచ్చునను సలహా మరియు విచిత్రమైనది. నేడు సాగులో సంకరములు విరివిగా ఉన్నవి. సంకరపు కాయ గింజలు చక్కగా మొలుచును, కాని తల్లిని పోలవు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి, ఒకటి చప్పన. కర్ణాటకపు బ్యాడగి మిరపకు 2011లోను, తమిళనాడులోని రామనాథపురము ముండు మిరపకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు సరుకు పేరుకు, పుట్టిన సీమకు రక్షణ. మన కుండీలో రాలిన గింజకు అది హామీ కాదు.

మన దేశపు ప్రమాణముల ప్రకారము ధ్రువీకరించు మిరప విత్తనపు చేనికి, ఇతర మిరప చేలకు నడుమ 200 మీటర్ల దూరముండవలెను. మూల విత్తనమునకు 400 మీటర్లు. తిరుపతి వీధులలో 200 మీటర్లలో ఎన్ని మిద్దెలున్నవో, వానిపై ఎన్ని మిరపలున్నవో ఎవరు లెక్కింతురు? దూరము లేనిచోట గుడ్డ పనిచేయును. మొగ్గలు విచ్చకమునుపే ఒక కొమ్మకు పలుచని గుడ్డసంచి తొడిగి, మూతి వదులుగా కట్టవలెను. దినమును ఉదయము కొమ్మను మెల్లగా కదపవలెను. పిందెలు నిలిచినపిదప సంచి తీసి, ఆ కాయల తొడిమలకు రంగుదారము కట్టవలెను. గింజలకు ఆ కాయలే, తక్కినవన్నియు వంటకు. పలుచని గుడ్డ తామరపురుగులను పూర్తిగా ఆపదు గాని తేనెటీగలను ఆపును. ఒక్క మొక్క గింజలతో సరిపెట్టుకొనక, రకపు లక్షణములు చక్కగా ఉన్న పలు మొక్కల గింజలు కలుపుట మేలు. లేనిచో వంశము ఇరుకగును.

కాలము విషయమునను ఈ పుస్తకములు గుంటూరు సీమ లెక్కను మనకు అప్పగించుచున్నవి. మన ప్రాంతమున ఈశాన్య ఋతుపవనపు వాన బలమైనది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ వానలో తడిసిన సంచిలో పువ్వు కుళ్ళును. అందుచే విత్తనమునకని పెంచు మొక్కలకు అక్టోబరు చివర చూరు క్రింద నారు పోసినచో జనవరి నడుమ పూత వచ్చి, మార్చిలో, ఎండలు ముదరకమునుపు, కాయ పండును. నారు కుండీలో నీరు నిలిచిన నారుకుళ్ళు తప్పదు. గింజలను నీడన ఆరబెట్టి, తేమ తగులని సీసాలో ఉంచవలెను.

2001 నాటి మొక్కల రకముల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టము విత్తనము దాచుకొనుటకు, మార్చుకొనుటకు రైతునకు హక్కునిచ్చినది. మార్చుకొనువారు ఒకరినొకరు అడుగవలసినవి రెండే: పక్కన ఏ మిరప పెరిగినది? పువ్వును కప్పితిరా? నాటు అని అచ్చువేసిన పొట్లములలో నేను చూచినంతవరకు ఈ రెంటికిని జవాబున్నది ఒక్కటియు లేదు.