మెరిసే కలం అద్దాల బీరువాకు కాదు

మాకియె కలాన్ని చేతిలో పెట్టగానే మనవాళ్ళు దాదాపు అందరూ అనే మాట ఒకటే: "ఇంత అందమైనదాంతో ఎవరైనా రాస్తారా? బీరువాలో దాచుకోవాలి గానీ!" నేను అడ్డంగా వాదిస్తాను. రాయాలి. రోజూ రాయాలి. పాలవాడి లెక్క, బ్యాంకు చలానా, మేనకోడలికి ఉత్తరం, సరుకుల చీటీ, అన్నీ దాంతోనే రాయాలి. నల్లటి పూత మీద బంగారు పొడి చల్లి, ముత్యపు చిప్ప పలుకులు పొదిగి జపాన్ పనివాళ్ళు తయారుచేసే ఆ కలం రాయడం కోసమే పుట్టింది. రాయకుండా ఉంచితేనే దానికి చేటు.

ముందు ఒక కలాన్ని దగ్గరగా చూద్దాం. హైదరాబాద్‌లో నా మిత్రుడి దగ్గర రాదెన్ పనిచేసిన కలం ఒకటి ఉంది. రాదెన్ అంటే చిప్ప పొదుగు. బల్ల మీద పడుకోబెట్టి పైనుంచి చూస్తే నల్లటి ఒంటి మీద బూడిదరంగు మచ్చలు తప్ప ఏమీ కనబడదు. దీపం పక్కకి కొంచెం తిప్పండి, ఆ మచ్చలన్నీ ఒక్కసారిగా ఆకుపచ్చగా వెలుగుతాయి. ఇంకాస్త తిప్పితే నీలం, ఆపైన ఊదా. ఆ రంగులు ఎవరూ పూసినవి కావు, చిప్ప పొరల మధ్య వెలుతురు ఆడుకుంటే పుట్టినవి. ఒక్కో పలుకు నువ్వుగింజలో సగం ఉండదు. అన్నిటినీ కొసతో ఎత్తి, ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చారు. వాటి మధ్య బంగారు రజను. పాళీ వైపు చిక్కగా మొదలై, పైకి పోయేకొద్దీ పలచబడి, మూత దగ్గర చీకట్లో కలిసిపోతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని వేలితో తడమండి. చిప్ప ఎక్కడ మొదలైందో, నలుపు ఎక్కడ ముగిసిందో వేలికి అందదు. మొత్తం ఒకే నునుపు. పొర మీద పొర పూసి, ఆ పొరల్ని చిప్ప మట్టానికి అరగదీసి తెచ్చిన నునుపు అది. ఆ పనిచేసిన చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

చరిత్ర ఎక్కువ చెప్పను. ర్యోసుకె నమికి, మసావో వాదా అనే ఇద్దరు 1918లో పెట్టిన కంపెనీయే ఈనాటి పైలట్. ఆ రోజుల్లో పెన్నుల ఒళ్ళు ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. ఎండ తగిలినా, తడి తగిలినా ఎబొనైట్ నల్లదనం పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. రాజమండ్రి ఎబొనైట్ పెన్ను ఏళ్ళ తరబడి జేబులో పెట్టుకు తిరిగినవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ రంగు పోకుండా ఉండటానికి నమికి కంపెనీవాళ్ళు తమ దేశపు పాత విద్యని పట్టుకున్నారు. బారెల్ మీద ఉరుషి పూత పూశారు. పూత కుదిరాక, ఆ పూత మీద వాళ్ళ తాతలు వెయ్యేళ్ళుగా చేస్తున్న బంగారు చిత్రం ఎందుకు రాదూ అనుకున్నారు. 1930లో లండన్ డన్‌హిల్ కంపెనీతో ఒప్పందం కుదిరి ఆ కలాలు యూరప్ అంగళ్ళకెక్కాయి. గమనించాల్సింది ఒకటే: ఆ మెరుపు అలంకారంగా మొదలవలేదు. చెమట చేతుల్లో నలిగే పెన్నుని కాపాడటానికి వచ్చింది.

ఉరుషి ఒక చెట్టు పాలు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఇవన్నీ ఆ చెట్టు కుటుంబమే. నల్లజీడి రసం ఒంటికి తగిలితే పొక్కుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లలకీ తెలుసు. పచ్చి ఉరుషి తగిలినా అంతే, చేతులూ మొహమూ వాచిపోతాయి. గట్టిపడ్డాక ఏ బాధా లేదు. గట్టిపడే తీరు మాత్రం వింత. మామూలు రంగు ఆరాలంటే పొడిగాలి కావాలి, దీనికి తేమ కావాలి. పూసిన కలాన్ని లోపల తడిపిన చెక్క అరలో, 70 నుంచి 85 శాతం తేమలో పెడతారు. అలా గట్టిపడ్డ పూతని ఆమ్లం తినదు, సారాయి కరిగించదు, సిరా అంటదు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్కతో దీన్ని కలపొద్దు. అది పురుగు ఇచ్చే లక్క, వేడికి మెత్తబడి కొయ్యకి అంటుకుంటుంది. ఇది ఒకసారి బిగిస్తే మరి కరగదు.

ఇక పనితనం. ఇక్కడ నా కలం ఆగదు, పాఠకులు ఓపిక పట్టాలి.

అన్నిటికంటే సూటిగా ఉండేది హిరా మాకియె. ఉరుషితో బొమ్మ గీసి, ఆ గీత ఇంకా జిగటగా ఉండగానే బంగారు పొడి చల్లుతారు. గీత ఉన్నచోట పొడి పట్టుకుంటుంది, మిగతాది దులిపేస్తారు. గీయడానికి ఎలుక వీపు మీది వెంట్రుకలతో కట్టిన కుంచె వాడటం అక్కడి ఆచారం. అంత పొడుగ్గా, అంత సన్నగా, ఉరుషి అంత చిక్కటి ద్రవాన్ని తెగకుండా లాగ్గలిగే వెంట్రుక ఇంకోటి లేదంటారు. పొడి చల్లడానికి వెదురు గొట్టం. ఒక చివర పట్టుగుడ్డ బిగించి, గొట్టాన్ని వేలితో తడుతూ ఉంటే పొడి జల్లుగా రాలుతుంది. చూడటానికి ఇంతే. కానీ విద్య అంతా ఆ వేలి తట్టులో ఉంది. తట్టు ఒత్తుగా పడితే బంగారం చిక్కబడుతుంది, తేలిగ్గా పడితే మంచులా విడిపోతుంది. కొండ శిఖరం మెరుస్తూ, కొండ పాదం పొగమంచులో కరిగిపోయినట్టు కనబడటం ఆ తట్టు మహిమ. రబ్బరు పెట్టి తుడిచి మళ్ళీ గీసుకునే సౌకర్యం లేదు. పైగా గీసేది చదును పలక మీద కాదు, వేలెడు లావు గొట్టం మీద. బొమ్మ మూత మీద మొదలై బారెల్ మీద ముగిస్తే, మూత బిగించినప్పుడు కొమ్మ కొమ్మతో అతకాలి.

తొగిదాషి ఇంకో మెట్టు పైన ఉంటుంది. బంగారం చల్లి బొమ్మ పూర్తయ్యాక, దాని మీద మొత్తం నల్ల ఉరుషి పూసేస్తారు. అంతసేపూ గీసిన బొమ్మ కంటికి కనబడకుండా పోతుంది. ఆ పూత గట్టిపడ్డాక బొగ్గుముక్కని నీళ్ళలో ముంచి నెమ్మదిగా రుద్దుతారు. రుద్దగా రుద్దగా బొమ్మ అడుగునుంచి పైకి తేలి వస్తుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే బంగారం లేచిపోతుంది, ఒక్క రుద్దు తక్కువైతే బొమ్మ మసకగా మిగిలిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే కొలబద్ద లేదు, చెయ్యి చెప్పాలి. తాకా మాకియెలో బొగ్గుపొడి, ఉరుషి కలిపి బొమ్మని ఉబ్బెత్తుగా కట్టి ఆపైన బంగారం వేస్తారు. డ్రాగన్ పొలుసులు, కెరటం నురగ వేలికి తగులుతాయి. కొనేవాళ్ళు ఎక్కువ మోజుపడేది దీని మీదే.

నా ఓటు తొగిదాషికే. మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఉబ్బెత్తు పని చూడటానికి మహా గొప్పది, అందులో నాకు సందేహం లేదు. కానీ పేజీల కొద్దీ రాసే చేతికి వేళ్ళ కింద పొలుసులు గుచ్చుకోకూడదు. తొగిదాషి కలంలో బంగారం నలుపుతో సమంగా పడుకుని ఉంటుంది. వేలికి పట్టు మాత్రమే తెలుస్తుంది, బొమ్మ కంటికి మిగులుతుంది. బంగారు రేకుల పలుకుల్ని పూత లోతుల్లో తేలేలా చల్లే నషిజి కూడా అంతే. రాయడం ఆపి మాట కోసం వెతుక్కునేటప్పుడు చూపు కలం మీద పడుతుంది చూడండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఈ విద్యని పెన్నులకి తెచ్చినవాళ్ళలో నేను మొదట తలుచుకునేది మత్సుదా గొన్‌రోకుని. 1896లో కనజావా ప్రాంతంలో పుట్టాడు. ఏడేళ్ళ వయసులో కుంచె పట్టాడు. నమికి కంపెనీలో చేరి, 1931లో కొక్కోకాయ్ అనే కళాకారుల బృందం ఏర్పడినప్పుడు దానికి ఆధారంగా నిలిచాడు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని మాకియె విద్యకు సజీవ జాతీయ సంపదగా ప్రకటించింది. అంతటివాడు పెన్ను మీద పనిచేయడం చిన్నతనం అనుకోలేదు. దేశపు పార్లమెంటు భవనంలో చక్రవర్తి గదికి ఉరుషి పని చేసిన చేత్తోనే పెన్ను మూత మీద గడ్డిపోచ గీశాడు. ఆయనకి ముందు తరంలో షిబాతా జేషిన్ ఉన్నాడు. ఉరుషితో తుప్పుపట్టిన ఇనుముని చేశాడు, కంచుని చేశాడు. అరిగిపోయిన పాత సిరా దిమ్మలా కనబడే మందుల డబ్బీ చేశాడు, చూసినవాళ్ళు అది సిరా దిమ్మ కాదంటే నమ్మరు.

ఇంకా వెనక్కి వెళ్తే ఒగాతా కోరిన్. ఆయన చేసిన ఎనిమిది వంతెనల పెట్టె టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది, జాతీయ సంపద హోదాలో. బంగారు ఆకులు, చిప్ప పువ్వులు, సీసపు వంతెన పలకలు. ఇంతకీ ఆ పెట్టె దేనికి? పై అరలో సిరా నూరుకునే రాయి, కింది అరలో కాగితాలు పెట్టుకోవడానికి. అది రాత సామాను పెట్టె. జపాన్ వాళ్ళు తమ అత్యుత్తమమైన మెరుపుని కిరీటాలకి పొదగలేదు, రాసుకునే సామానుకి పొదిగారు. అలాంటి వంశంలో పుట్టిన కలాన్ని తాళం వేసి ఉంచడం దాన్ని అవమానించడం కాదా?

పోనీ అవమానం సంగతి వదిలేద్దాం, పూత సంగతి చూసినా తాళం పెట్టడం తప్పే. సిరా తినలేని ఉరుషిని ఎండ తింటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని మెరుపుని చంపేస్తాయి. కిటికీ పక్కన అద్దాల అరలో ఏళ్ళ తరబడి కొలువుదీరిన కలం కంటే, రోజూ చేతిలో తిరిగి, మెత్తటి గుడ్డతో తుడిపించుకుని, రాత్రికి సొరుగులో పడుకునే కలమే నిగనిగలాడుతుంది. చేతి చమురు దానికి పాలిష్. ఏళ్ళు గడిచేకొద్దీ ఉరుషి ఇంకా తేటపడి అడుగున ఉన్న రంగు పైకి వస్తుంది. ఇక పట్టుకుంటే ఉండే హాయి! లోహపు పెన్నులా చల్లగా జారదు, ప్లాస్టిక్‌లా చెమటకి జిడ్డు కాదు. ఒంటి వేడి పట్టుకుని గోరువెచ్చగా ఉంటుంది. తాళంచెవులతో కలిపి జేబులో వేయొద్దు, అంతే. మిగతాదంతా అది తట్టుకుంటుంది.

ఇంత గొప్ప విద్య ఇవాళ ఏ స్థితిలో ఉందో చెప్పాలంటే గొంతు పూడుకుపోతుంది. ఉరుషి చెట్టు పదేళ్ళో పదిహేనేళ్ళో పెరిగాక ఒక్క వేసవి గాట్లు పెడితే ఇచ్చేది 200 గ్రాముల పాలు. ఆపైన చెట్టు కొట్టేస్తారు. జపాన్‌లో వాడే ఉరుషిలో తొంభై శాతం పైగా బయటి దేశాలది, ముఖ్యంగా చైనాది. ఇవాతే రాష్ట్రంలోని జోబోజి లాంటి చోట్ల మాత్రమే స్వదేశీ పాలు గట్టిగా దొరుకుతాయి. జాతీయ సంపదల మరమ్మతుకి స్వదేశీ ఉరుషే వాడాలని 2015లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించేదాకా ఆ గాట్లు పెట్టేవాళ్ళ గోడు విన్నవాడు లేడు. కుంచెలు కట్టేవాళ్ళు కరువయ్యారు. దానికి తోడు 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఉరుషి పనికి పేరుమోసిన వాజిమా ఊళ్ళో పొద్దుటి సంత వీధి మంటల్లో కాలిపోయింది, ఎన్నో పనిశాలలు కూలిపోయాయి. తాతల నాటి పనిముట్లు, సగం పూసిన గిన్నెలు శిథిలాల కింద పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో వరద వచ్చి మిగిలినదాన్నీ ముంచింది. ఆ ఊరివాళ్ళు మళ్ళీ కుంచె పట్టారు. వాళ్ళ ముందు మనమెంత!

అటు వాళ్ళు అలా పోరాడుతుంటే ఇటు అంగళ్ళలో జరుగుతున్నదేమిటి? అచ్చుగుద్దిన బొమ్మల పెన్నులు మాకియె పేరుతో అమ్ముతున్నారు. తెర మీదుగా రంగు తోసి నిమిషంలో ముద్ర వేసినదానికి, నెలల తరబడి పొరలు పోసినదానికి ఒకే పేరా? మన నగరంలోనే ఒక పెద్ద షాపులో అలాంటి అచ్చు పెన్నుని చేతిపని అంటూ ఒక తండ్రికి, కొడుకు ఉద్యోగంలో చేరిన సందర్భంగా, అంటగట్టడం నేను కళ్ళారా చూశాను. నా ఒళ్ళు మండిపోయింది. అది మోసం, ఇంకో మాట లేదు. భూతద్దం పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది: అచ్చు బొమ్మలో చుక్కలు గళ్ళ ప్రకారం వరసగా ఉంటాయి, చేత్తో చల్లిన బంగారం ఏ రెండు రేణువులూ ఒక్కలా ఉండవు. అచ్చు చిప్ప అన్ని వైపులా ఒకే రంగుగా మెరుస్తుంది, అసలు చిప్ప తిప్పినకొద్దీ మారుతుంది.

జీడి పెంకు నూనెతో చేసే రంగుని ఉరుషికి బదులు వాడటం కూడా జపాన్‌లో ఎన్నో దశాబ్దాలుగా నడుస్తోంది. పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతుల్ని పొక్కించేది ఆ పెంకు నూనే. ఆ రంగు మంచిదే, చవకైనదే, దాని పేరు చెప్పి అమ్మితే నాకే పేచీ లేదు. మెరుపుల ఆక్రిలిక్ పెన్నులతోనూ నాకు గొడవ లేదు, అవి తాము ప్లాస్టిక్ కాదని ఎన్నడూ అనలేదు. పేరు దొంగిలించేవాళ్ళ మీదే నా కోపమంతా.

మనవాళ్ళకి నా మనవి ఒకటి ఉంది. రాజమండ్రిలో రత్నం పెన్ను పుట్టి తొంభై ఏళ్ళు దాటింది. దాన్ని మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. లేతు మీద చేత్తో తిప్పిన ఎబొనైట్ బారెల్ ఈనాటికీ అక్కడ దొరుకుతుంది. నమికి వాళ్ళు బంగారం చల్లింది సరిగ్గా అలాంటి ఎబొనైట్ మీదే. మరోపక్క నిర్మల్‌లో నల్లని పలక మీద బంగారు వన్నె గీతలు దిద్దే చేతులు ఇంకా ఉన్నాయి. ఈ రెండూ ఎందుకు కలవకూడదు? మాకియెని కాపీ కొట్టమని కాదు, మన లతలు, మన హంసలు, మన ముగ్గు చుక్కలు మన పెన్ను మీద వాలాలని. అడిగేవాళ్ళు లేక ఆ పని మొదలవడం లేదు. పదిమంది కలిసి రాజమండ్రికి ఆర్డరివ్వండి, బొమ్మ గీసిన మనిషి పేరు మూత కింద ఉండాలని పట్టుబట్టండి, బేరం ఆడొద్దు. పెన్ను చేతికొచ్చిన పూటే సిరా పోసి సరుకుల చీటీ రాయండి.